దవడ పంటితో దారం

పంటి క్యాప్ ఊడి వచ్చిన మనిషి మెట్లెక్కి నా క్లినిక్‌లోకి అడుగుపెట్టగానే నాకు తెలిసిపోతుంది. నొప్పితో వచ్చేవాళ్ళు బుగ్గ పట్టుకొని వస్తారు. క్యాప్ ఊడినవాళ్ళు పిడికిలి మూసుకొని వస్తారు. ఆ పిడికిలిలో, కాగితం ముక్కలోనో చేతిరుమాలు మడతలోనో, నేను చేసిన పని ఉంటుంది. ఆ పిడికిలి తెరుచుకునే లోపే నా మనసు పరుగు మొదలుపెడుతుంది. కారణం వెతుకుతుంది. నాది కాని కారణం.

బెంగళూరు బొమ్మనహళ్ళిలో, హోసూరు రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే సందులో, మందుల షాపు పైన ఉంది నా క్లినిక్. చుట్టూ గార్మెంట్ ఫ్యాక్టరీలు. సాయంత్రం షిఫ్టు వదిలితే ఆ సందంతా ఆడవాళ్ళే. చేతిలో టిఫిన్ సంచి, మెడలో గుర్తింపు కార్డు, జడలో దారపు పోగులు. వాళ్ళలో చాలామంది సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చిన తెలుగువాళ్ళు. వాళ్ళ పళ్ళతోనే నా ఇల్లు నడుస్తోంది.

నేను చెప్పబోయే ఆమెది బాగేపల్లి పక్క. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్ అతికించే పని. కాలర్ మిషన్ అందరికీ ఇవ్వరని మొదటి రోజే నాకు చెప్పింది. నోట్లో మత్తు సూది పడ్డాక కూడా, తిమ్మిరెక్కిన పెదవితోనే చెప్పింది. కింది దవడలో ఎడమవైపు వెనక పన్ను పుచ్చింది. రూట్ కెనాల్ చేసి, పంటిని చుట్టూ అరగదీసి, కొలత తీసి, క్యాప్ చేయించి సిమెంట్‌తో అతికించాను. అది ఆ ఏడాది ఎండలు మొదలయ్యే కాలం. వర్షాలు రాకముందే ఆమె పిడికిలి మూసుకొని వచ్చింది.

చొక్కాతోపాటు అదనపు గుండీ వేసి ఇచ్చే చిన్న ప్లాస్టిక్ కవరులో క్యాప్‌ను భద్రంగా పెట్టుకొచ్చింది.

"ఊడిపోయినాది సార్."

"ఏం తిన్నావమ్మా?"

"రాగిముద్ద, సొప్పు సారు." ఆకుకూర పులుసును వాళ్ళు అలాగే అంటారు.

"ముద్ద నమిలినావా?"

ఆమె నన్ను వింతగా చూసింది. "ముద్దని ఎవరన్నా నములుతారా సార్? మింగేదే కదా. మీరు ఈ ఊర్లోనే పుట్టినోళ్ళు కదా?"

నవ్వాను. నవ్వుతూనే ఇంకో దారి వెతికాను. "ఎముకలేమైనా?"

"శనివారం సార్ ఆ పొద్దు."

"మరి దారం? మిషన్ దగ్గర పళ్ళతో కొరుకుతావా?"

ఆమె కొంచెం సిగ్గుపడింది. "ఎవరు కొరకరు సార్? కత్తెరని మిషన్‌కి తాడేసి కట్టేసుంటారు. దాన్ని తీసి, కత్తిరించి, మళ్ళీ పెట్టేలోగా వెనకబడిపోతాము. కొరకొద్దని గోడ మీద బోర్డుండాది. ఆ బోర్డు కిందనే కొరుకుతాము."

"అదీ సంగతి," అన్నాను. "దానివల్లే ఊడింది. ఇంక కొరకొద్దు."

ఆమె తల ఊపింది. నేను క్యాప్ లోపలి పాత సిమెంట్ గీకి, ఈసారి ఇంకా గట్టి రకం సిమెంట్ కలిపి, మళ్ళీ ఒత్తి పెట్టాను. రేడియోలో రెండు పాటలు అయ్యేలోగా పని అయిపోయింది. బయట కుర్చీల్లో జనం ఉన్నారు.

ఇక్కడ ఒక మాట రాయాలి. రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ. దారాన్ని ఎవరూ దవడ పంటితో కొరకరు. ముందు పళ్ళతో కొరుకుతారు. అది తెలుసుకోవడానికి దంతవైద్యం చదవక్కర్లేదు, ఇంట్లో అమ్మ రవికెకు హుక్కు కుట్టుకుంటుంటే చూసి ఉంటే చాలు. నేను క్యాప్ పెట్టింది వెనక పంటికి. ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు. నాలుక మీది నుంచి జారుతున్నప్పుడే తెలుసు.

అయినా ఎంత సులువుగా వచ్చిందో! ఆ సులువు ఎక్కడి నుంచి వచ్చిందో తరవాత చాలా రోజులు వెతుక్కున్నాను.

మాది ఊరి పాత పేటలో స్టీలు సామాను అంగడి. తాతల కాలం నుంచి అదే. అమ్మిన డబ్బాను ఎవరైనా తిరిగి తెచ్చి, మూత వదులుగా ఉందంటే, నాన్న డబ్బాను చేతిలోకి తీసుకునేవాడే కాదు. ముందు మనిషి ముఖం చూసేవాడు. చాలా మర్యాదగా, "ఎట్ల వాడినారమ్మా?" అని అడిగేవాడు. కింద పడేసినారా? వేడి నూనె పోసినారా? పిల్లోళ్ళ చేతికిచ్చినారా? ఆ ప్రశ్నల్లో ఏదో ఒకదానికి ప్రతి ఇల్లాలి దగ్గరా అవుననే జవాబు ఉంటుంది. ఎవరింట్లో డబ్బా కింద పడదు? అవును అన్న తరవాత బేరం తిరగబడిపోతుంది. ఆమె తలొంచుకుంటుంది, నాన్న దయతలుస్తాడు. మూతను సుత్తితో రెండు దెబ్బలు కొట్టి ఇచ్చి, ఊరికే చేసిచ్చినామమ్మా అంటాడు. గల్లా పక్కన స్టూలు మీద కూర్చొని నేను నేర్చుకున్న మొదటి విద్య అది. ఆ తరవాత దంతవైద్య కాలేజీలో ఎన్నో నేర్చుకున్నాను గాని, దాన్ని మాత్రం మర్చిపోలేదు. తిరిగొచ్చిన సామానును చూడకు, మనిషిని అడుగు. అడిగితే దొరుకుతుంది.

నాన్నను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన అమ్మింది డబ్బాలు.

రెండోసారి ఆమె పిడికిలితో రాలేదు. చేతులు ఊపుకుంటూ, మధ్యాహ్నం పూట వచ్చింది. షిఫ్టులో ఉండాల్సిన వేళ అది. అదే నాకు ముందు గుచ్చుకుంది.

"ఈ టైంలో ఎట్లా వదిలినారమ్మా?"

"ఇప్పుడు నాకు మిషన్ లేదు కదా సార్. ఎప్పుడడిగినా పంపిస్తారు."

కుర్చీలో పడుకోకుండా అంచున కూర్చొని చెప్పింది. బట్ట నూగు ముక్కులోకి పోయి తుమ్ము వచ్చిందట. తుమ్మితే నోట్లోంచి ఏదో టక్కున ఎగిరిపోయిందట. నాలుకతో తడుముకుంటే క్యాప్ లేదు. మిషన్ సూది విరిగితే విరిగిన ముక్కలన్నీ దొరికేదాకా లైను నడపకూడదని వాళ్ళకు నియమం. చొక్కాలో లోహపు ముక్క పోయిందంటే విదేశాలకు పంపిన సరుకంతా తిరిగొస్తుంది. క్యాప్‌కూ అదే నియమం అన్నారు. లైను ఆపేశారు. కట్టలన్నీ విప్పించారు. అందరూ లేచి నిలబడ్డారు.

"మా లైనోళ్ళు నవ్వేది సార్. 'అక్క పన్ను పాస్‌పోర్టు లేకుండా ఫారిన్ పోతా ఉండాది, పట్టుకోండ్రే' అని. నాకూ నవ్వొచ్చె మొదట్లో. కడాకి ఒక కాలర్ రెండు పొరల మధ్యలో దొరికె."

"తరవాత?"

"ఎట్ల ఊడిందని ఇన్‌చార్జి అడిగె. దారం కొరికితే ఊడిందంటిని."

చేతిలోని పంటి అద్దాన్ని ట్రేలో పెట్టేశాను.

"మీరు చెప్పింది అదే కదా సార్. అందరి ముందర అడిగిరి, ఉన్నది చెప్తిని. మిషన్ తీసేసిరి. ఇప్పుడు టేబుల్ కాడ నిలబడి దారాలు ఏరుతా ఉండాను, కొత్తగా చేరిన హెల్పర్ మాదిరి. నా మిషన్ మీద వేరే పిల్ల కూర్చునుండాది. పన్ను గట్టిగైనాకనే మిషన్ అంటాడు ఇన్‌చార్జి. కొత్త ఆర్డర్ మొదలయ్యేలోగా కాకపోతే ఆ పిల్లకే అయిపోతాది."

చెప్పడం అయిపోయాక గుండీ కవరు తీసి ట్రేలో పెట్టింది. "ఈసారి గట్టిగా అతికించండి సార్. దారం మానేసినా. ఒట్టు."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ నా నోట్లోంచి వచ్చింది వేరే మాట. "కొత్తది చేస్తానమ్మా. ఇది వద్దు. డబ్బులు కూడా వద్దు."

"యాల సార్? తప్పు నాదే కదా."

తాత్కాలికంగా ఆ పాతదాన్నే అతికించి పంపించాను. ఆ తరవాత వచ్చిన పేషెంటు ఏ పన్ను నొప్పి అన్నాడో రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

ఆ వారమంతా నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. భోజనం దగ్గర నా నాలుక నా పళ్ళనే ఒక్కొక్కటిగా నొక్కి చూస్తోంది. "ఏమైంది మీకు, నోట్లో ఏదో నములుతూనే ఉన్నారు?" అంది మా ఆవిడ. ఏమీ లేదన్నాను. క్లినిక్‌లో పంటి నమూనాలు దాచే అట్టపెట్టెలన్నీ దించి, ఆమె పంటి నమూనా వెతికి తీశాను. అరచేతిలో పట్టేంత తెల్లటి ముక్క. అరగదీసిన పంటి మొద్దు అందులో ఉన్నదున్నట్టు ఉంటుంది. దాన్ని చూసీ చూడనట్టు చొక్కా జేబులో వేసుకున్నాను. రెండు రోజులు అది నా జేబులోనే తిరిగింది. వేళ్ళకు తగిలేది. బయటికి తీసేవాణ్ణి కాదు.

ఆదివారం స్కూటర్ వేసుకొని బెళ్ళందూరు వెళ్ళాను. నాతో చదువుకున్నవాడి క్లినిక్ అక్కడ ఉంది. పెద్ద అద్దాల బిల్డింగులో, ఆఫీసువాళ్ళ కోసం ఆదివారం కూడా తెరుస్తాడు. వాడి దగ్గర పంటిని స్కాన్ చేసే యంత్రం ఉంది. నమూనా వాడి ముందు పెట్టాను. వాడు దాన్ని యంత్రం కింద తిప్పాడు. తెర మీద నా పని పెద్దదిగా, కొండంతగా కనిపించింది.

వాడు కాసేపు చూశాడు. "నువ్వు పన్ను గీసినావా, పెన్సిల్ చెక్కినావారా?"

"అంత ఘోరంగా ఉందా?"

"దీని మీద ఏ సిమెంట్ నిలబడుతుందప్పా? సెకండియర్లో ఇది చూపించి ఉంటే మన మేడం నిన్ను ల్యాబ్ బయట నిలబెట్టేది."

వాడు చెప్పనక్కర్లేదు. తెర మీద చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. పంటి మొద్దు గోడలు దాదాపు నిటారుగా ఉండాలి, పైకి పోయేకొద్దీ కాస్తంత మాత్రమే లోపలికి వాలాలి. నావి గుడి గోపురంలా వాలిపోయి ఉన్నాయి. పైగా మొద్దు పొట్టిది. మా అంగడిలో డబ్బాల మధ్య పెరిగినవాడిని నేను. డబ్బా మెడ నిటారుగా, కాస్త పొడుగ్గా ఉంటే మూత పట్టుకుంటుంది. మెడ వాలితే మూత ఎంత మంచిదైనా మోచెయ్యి తగిలితే లేచిపోతుంది. పంటి క్యాప్‌ది అంతకంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. జనం సిమెంటే పట్టుకుంటుందనుకుంటారు, మేమూ అలా అనుకోవడానికి ఇష్టపడతాం. ఊడిన ప్రతిసారీ ఇంకో కంపెనీ సిమెంట్ కొంటాం. సిమెంట్ చేసేది సందు నింపడం. నిలబెట్టేది గోడలు.

తొందరలో అరగదీస్తే చెయ్యి ఒరుగుతుంది, గోడలు వాలుతాయి. వాలిన గోడల మీద క్యాప్ మొదటిసారికే సుఖంగా కూర్చుంటుంది. సర్దనక్కర్లేదు, పేషెంటును రెండోసారి రప్పించనక్కర్లేదు. నా క్యాపులు ఎప్పుడూ ఒక్కసారికే కూర్చుంటాయని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఎంత సుఖంగా ఎక్కుతుందో అంత సుఖంగా దిగుతుందని నాకు తెలియక కాదు. ఊడినవాళ్ళలో సగంమంది నా దగ్గరికి తిరిగి రారు. రానివాళ్ళందరినీ బాగున్నవాళ్ళ కింద లెక్కేసుకున్నాను.

"ఆమెకి చెప్పినావా?" అడిగాడు స్నేహితుడు.

"ఏమని?"

"పెన్సిల్ చెక్కినానని."

"లేదు. దారం కొరకడం వల్ల ఊడిందని చెప్పాను."

"వెనక పన్ను కదరా ఇది!"

"అవును."

వాడు నవ్వబోయి ఆగాడు. కాఫీ తెప్పించాడు. "సరే వదిలెయ్. అందరమూ ఏదో ఒకటి అంటాము. శుభ్రంగా మళ్ళీ చెయ్యి, నిలబడుతుంది. చెప్పి ఏం సాధిస్తావు? నీ మీద నమ్మకం పోతుంది, అంతే."

తిరిగి వస్తూ రింగురోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా ఆ మాట నాకు బాగా నచ్చింది. శుభ్రంగా మళ్ళీ చెయ్యి. పన్ను వరకు అది నిజమే. కానీ మిషన్ పోయింది పన్ను వల్ల మాత్రమే కాదు, నేను చెప్పిన కారణం వల్ల. కొత్త క్యాప్ పెట్టినంత మాత్రాన ఆ కారణం ఊడిపోదు. సిగ్నల్ పచ్చగా మారింది, వెనక హారన్లు. నేను కదలడం మర్చిపోయాను.

మళ్ళీ చేయడం మొదలుపెట్టాను. పొట్టి మొద్దు పొడుగు పెరగాలంటే చిగురును కొంచెం కిందికి దించాలి. అది చేసి, మానేదాకా ఆగాను. మొద్దు మీద అరిగిపోయిన చోట గట్టి పదార్థంతో కట్టడం కట్టాను. తరవాత గోడలను నిటారుగా దిద్దాను. పక్క గోడల్లో నిలువుగా సన్నని గాళ్ళు కోశాను. క్యాప్ లోపల వాటికి సరిపోయే చారలు వస్తే పక్కకు తిరగలేదు, లేవలేదు. ఆమె కళ్ళు మూసుకొని పడుకుంది. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచింది.

"ఏం సార్, ఇంతసేపు? ముందు బేగ బేగ చేసేసిరి."

"అందుకే," అన్నాను. ఆమెకు అది అర్థం కాలేదు. నేను విప్పి చెప్పలేదు. బయట ఎవరో తలుపు తట్టి ఇంకా ఎంతసేపని అడిగారు. చెయ్యి వేగం పెంచాలని చూస్తోంది. దాన్ని పట్టి ఆపడం ఆ రోజు నాకు పంటి పని కంటే పెద్ద పనైంది.

క్యాప్ ల్యాబు నుంచి వచ్చింది. లోపలి నున్నటి తలాన్ని సన్నని ఇసుకతో చిమ్మి గరుకు చేయించాను. అది మొదటిసారీ చేయించి ఉండాల్సిందే. పెట్టి చూస్తే సులువుగా కూర్చోలేదు. దిద్ది, మళ్ళీ పెట్టి, మళ్ళీ దిద్ది, చివరికి కూర్చున్నప్పుడు వేలితో లాగితే రాలేదు. ఇంకా సిమెంట్ పెట్టనేలేదు! తాత్కాలిక సిమెంట్ జాడ లేకుండా మొద్దును తుడిచి, ఉమ్మి తగలకుండా చుట్టూ దూది పెట్టి, ఆరబెట్టి, సిమెంట్‌తో ఒత్తాను. పైన దూది చుట్ట పెట్టి, "గట్టిగా కొరికి పట్టుకోమ్మా. నోరు తెరవొద్దు. సిమెంట్ గట్టిపడాలి," అన్నాను.

ఆమె కొరికి పట్టుకుంది. అప్పుడు చెప్పాను.

ముందు రెండుసార్లు ఊడింది దారం వల్ల కాదనీ, నేను పంటిని సరిగ్గా అరగదీయలేదనీ, వెనక పంటితో దారం ఎవరూ కొరకరనీ, అది నాకు ముందే తెలుసనీ. గబగబా చెప్పేశాను. ఆమె కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. నోరు కదలదు. చెప్పడం అయిపోయాక నాకు తేలికగా అనిపించింది. ఆ తేలికదనమే నన్ను పట్టించింది. ఎదుటి మనిషి మాట్లాడలేని సమయం చూసుకొని నేను తప్పు ఒప్పుకున్నాను.

దూది తీశాను. ఆమె లేచి కూర్చొని, ఉమ్మి, నోరు తుడుచుకుంది.

"మళ్ళీ చెప్పండి సార్."

"ఏంటమ్మా?"

"ఇప్పుడు చెప్పింది. నోట్లో దూది పెట్టి చెప్తే ఎట్ల? నేనేమన్నా అనాల కదా."

మళ్ళీ చెప్పాను. ఈసారి మాటలు గబగబా రాలేదు.

"అంటే దారం కాదు."

"కాదు."

"ఆ పొద్దే తెలుసు మీకు."

"తెలుసు."

ఆమె కొంగు సర్దుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "లైనంతా నిలబడుండిరి సార్. అందరి ముందర నాదే తప్పంటిని. ఇంటికి పోతే మా ఆయన, 'నోట్లో ఉండేది పళ్ళా కత్తెరా' అని తిట్టె. దానికీ తలొంచుకుంటిని. సుమ్నే, ఊరికే తలొంచుకుంటిని."

"క్షమించమ్మా."

"అది నాకు యాల? నాకు మిషన్ కావాల. మీరే వచ్చి మా ఇన్‌చార్జికి చెప్పండి."

"ఫోన్ చేస్తాను. నంబర్ ఇవ్వు."

"ఫోన్లో అందరూ డాక్టర్లే సార్. వచ్చి చెప్పండి. నేను నిలబడ్న మాదిరి నిలబడి చెప్పండి."

మరుసటి రోజు క్లినిక్‌కు ఆలస్యంగా వస్తానని చెప్పి వెళ్ళాను. వందల మిషన్లు ఒక్కసారిగా కుట్టే చప్పుడు మెట్ల మీదే ఒంట్లోకి ఎక్కింది. ఇన్‌చార్జి నా ఈడువాడే. హోసూరు పక్క తెలుగు. కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. ఆమె దూరంగా పొడుగు టేబుల్ దగ్గర నిలబడి చొక్కాలకు దారాలు ఏరుతోంది. మా వైపు చూడటం లేదు.

విషయం చెప్పాను. ఆయన విని, పక్క మిషన్ మీది దారపు ఉండ నుంచి ఒక పోగు లాగి, దవడ పళ్ళ మధ్య పెట్టుకొని కొరికాడు. దారం తడిసి జారి వచ్చింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. దగ్గర్లో ఉన్న ఆడవాళ్ళు మిషన్లు ఆపి చూస్తున్నారు.

"తెగలేదప్పా," అన్నాడు ఆశ్చర్యంగా.

"తెగదు."

"నాకెందుకు తోచలేదు ఇది?" తడి దారాన్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు. తరవాత గొంతు తగ్గించాడు. "వీళ్ళు కొరుకుతారని నాకు తెలీక కాదు సార్. ఆ బోర్డు పెట్టించింది నేనే, చూసీ చూడనట్ల పోయేదీ నేనే. లేకపోతే టార్గెట్ ఎట్ల వస్తాది? ఆమె అందరి ముందర నోటితో చెప్పేసె. అట్ల చెప్పేస్తే నేనేం చేసేది? డాక్టరే అన్నాడనె."

"అందుకే వచ్చాను. అదీ అందరి ముందే చెప్పండి. లేదా నేను చెప్తాను."

ఆయన ఆమెను పిలిచాడు. ఆమె వచ్చి నిలబడింది. చుట్టుపక్కల మిషన్లవాళ్ళకు వినబడేలా చెప్పాను. నా గొంతు ఆ చప్పుడులో వింతగా, అరుస్తున్నట్టు ఉంది. పన్ను ఊడటం ఆమె తప్పు కాదు, నాది. పని నేను సరిగ్గా చేయలేదు. కారణం గురించి నేను అబద్ధం చెప్పాను. అంతే. ఒక నిమిషం కూడా పట్టలేదు.

కుట్టు తప్పి వెనక్కి వచ్చే చొక్కాను వాళ్ళు ఆల్టర్ అంటారు. వెనక వరసలో ఎవరో గట్టిగానే అన్నారు: "అయ్యో, డాక్టర్లకీ ఆల్టర్ వస్తాదేమే!" నవ్వులు. ఆమె నవ్వలేదు.

ఇన్‌చార్జి నన్ను పక్కకు తీసుకెళ్ళాడు. "సరే సార్. ఈసారి ఊడదని గ్యారంటీ ఇస్తారా?"

అవునని చెప్పాలని ఎంతగా అనిపించిందో! ఒక్క మాట, ఆమెకు మిషన్ వస్తుంది. గోడలు, గాళ్ళు, గరుకు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఏ పంటికీ ఎవరూ ఇవ్వలేని మాట అది.

"ఊడదని చెప్పలేను. ఊడకుండా చేయగలిగిందంతా ఈసారి చేశాను. ఊడితే మాత్రం తప్పు నాది. ఆమెను అడగొద్దు, నన్ను పిలవండి."

"మీ తప్పైతే నాకేమొస్తాది సార్? లైను ఆగేది నాది." తల గోక్కున్నాడు. "చూస్తా."

ఆ 'చూస్తా' తో వారాలు గడిచాయి. సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు కిటికీ దగ్గరికి వెళ్ళేవాణ్ణి. కింద ఆ గుంపులో ఆమె ఉందో లేదో తెలిసేది కాదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు అయితే చేతిలో పని ఆగిపోయేది. పిడికిలి మూసుకొని వస్తుందేమో. రాకపోతే అది ఊడక రాలేదో, ఊడిపోయి వేరే డాక్టర్ దగ్గరికి పోయిందో. రానివాళ్ళను బాగున్నవాళ్ళ కింద లెక్కేసుకోవడం ఇప్పుడు నాకు చేతకావడం లేదు. పాత పేషెంట్లలో నేను క్యాపులు పెట్టినవాళ్ళకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. కొందరికి నేనెవరో గుర్తు లేదు. కొందరు, "అదా సార్, ఎప్పుడో ఊడింది, పడేసినాము," అన్నారు. అలా అన్నవాళ్ళు నేను అనుకున్నదానికంటే ఎక్కువమంది.

దసరా ఆయుధపూజ అయిన వారంలో ఆమె వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి. కుర్చీలో పడుకొని నోరు తెరిచింది. క్యాప్‌ను వేళ్ళతో పట్టి లాగాను. పరికరంతో అంచు చుట్టూ చూశాను. మళ్ళీ లాగాను.

"అట్ల లాగితే మీరే ఊడబెరుకుతారు సార్," అంది, నా చేయి నోట్లో ఉండగానే.

"గట్టిగా ఉంది."

"తెలుసు. శెనక్కాయలు కూడా ఆ పక్కనే నములుతా ఉండాను."

"మిషన్?"

"వచ్చినాది." లేచి కూర్చుంది. "కాలర్ కాదు. కఫ్ మిషన్, చొక్కా చేతుల అంచులు కుట్టేది. కాలర్‌ది ఆ పిల్లకే ఇచ్చేసిరి. కొత్త ఆర్డర్ మొదలైపోయె కదా."

"నేను మళ్ళీ వచ్చి చెప్తాను. ఆయనతో మాట్లాడతాను."

"ఏమని సార్? ఆ పిల్లని లేపమనా?"

నేను గ్లౌజులు విప్పి బుట్టలో వేశాను.

"బాగానే కుట్టుతాది ఆ పిల్ల," అంది ఆమె, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "మొదట్లో కాలర్ మూల తిప్పేది రాలేదు దానికి. నేనే చూపిస్తిని."

తలుపు తీసుకొని వెళ్ళింది. బయట కుర్చీల్లో నలుగురైదుగురు ఉన్నారు, ఒకాయన బుగ్గ పట్టుకొని లేచి నిలబడ్డాడు. కాసేపు ఆగమని చేత్తో చెప్పి, నేను లోపలే నిలబడ్డాను.